కండిషన్

మొగల్తూరు నుంచొచ్చిన కుర్రాడు
కౌంటరు మీద మోచేతులానించి అడిగాడు:
"లెన్సు కండిషనెలా ఉందండీ?"

నేను వాచీలు బాగుచేసేవాణ్ణి.
ఒక్క ముక్కలో చెప్పడం చేతకాదు.
కంటికి భూతద్దం తగిలించుకుని మొదలెట్టాను.

ఇత్తడి ఒళ్లు బాబూ, పైన నికెల్ పూత.
వేళ్లు పట్టిన చోట పూత అరిగి
ముగ్గిన అరటిపండు రంగు బైటపడింది.
దూరాలు అడుగుల్లో చెక్కారు.
ఆరూ ఎనిమిదీ అంకెల్లో రంగు పోయింది,
జకరయ్య మాస్టారు జీవితమంతా
మనుషులకి అంత దూరంలోనే నిలబడ్డారు.

రింగు బిగువు. గ్రీజు గడ్డకట్టింది.
పొద్దున్నే తిప్పితే మొరాయిస్తుంది,
మధ్యాహ్నం ఎండకి కాస్త మాట వింటుంది.
రేకులు పది. నూనె మరకుంది, పనికి అడ్డం రాదు.

ముందు గాజు మీద సన్నటి గీతలు, గుండ్రంగా.
పంచె చెంగుతో తుడవొద్దని ఎందరు చెప్పినా
పంచెతోనే తుడిచేవారు.
ఆ చెంగులో ఎప్పుడూ
రెండు రేణువులు గోదారి ఇసక ఉండేది.

లోపల ఒక బుడగ.
అది మన ఊళ్లో వచ్చింది కాదు, కొలిమిలోదే.
ఏ దేశంలోనో గాజు కరిగించినవాడి
ఊపిరనుకునేవాణ్ణి చిన్నప్పుడు.
ఇప్పుడూ అలాగే అనుకుంటాను.

ఇక బూజు.
ఎనభయ్యారు వరదకి
వారం రోజులు అటకమీద తడి పీల్చింది.
రెండో గాజు అంచున తెల్లటి పోగులు:
గొలుసు, ముడి, మళ్లీ గొలుసు.
మా నరసాపురంలో
బూజుకి కూడా లేసు అల్లడం వచ్చు.
తీసేశాను.
అది తిన్న గాజు మాత్రం తిన్నట్టే ఉంది.

గుణం అడగలేదు నువ్వు. అయినా చెప్తాను.
పూర్తిగా తెరిస్తే మెత్తబడిపోతుంది,
బల్బు చుట్టూ పాలు ఒలుకుతాయి.
ఎండకెదురు పెట్టావా, సగం బొమ్మ ఎండకిచ్చేస్తుంది.
సఖినేటిపల్లి పంటు మీద తీసిన ఫొటోలో
జనాన్నంతా వెలుగు మింగేసి
గొడుగులు మిగిల్చింది.
కెమెరాకి పెట్టి చూస్తే ప్రతి మనిషీ ఇద్దరు.
రింగు తిప్పు, వాళ్లు నడిచొచ్చి ఒకరౌతారు.
కోపంలో ఉన్న మొగుడూ పెళ్లాల్లా
కొంచెం పైకీ కిందకీ ఆగిపోతున్నారంటే
స్క్రూ సర్దాలి, అది నా పని.

ఒక్క లోపం మటుకు పుట్టుకతో వచ్చింది.
మూడున్నర అడుగుల లోపు
దేన్నీ చూడలేదిది.

లేసు ఎగుమతి షావుకారు
కేటలాగు కోసం పురమాయించాడు,
"కుట్టు కుట్టు కనబడాలయ్యా!"
దగ్గరికెళ్తే అంతా పొగ.
మాస్టారు వెనక్కి జరిగారు.
లేసు తనంతట తను నిలబడదు కదా,
రెండు చేతులు పట్టుకోవాలి.
చేతులొస్తే మట్టిగాజులొచ్చాయి,
గాజుల వెనకే రుస్తుంబాద సువార్తమ్మొచ్చింది,
కళ్లజోడుకి దారం కట్టుకుని,
చూపుడువేలికి సూది తొలిచిన గుంటతో.
ఆమె వెనక అరుగు మీద
ఎవరూ పిలవని నలుగురు ఆడపిల్లలు
చేతిలో అల్లిక ఆపకుండా ఇటు చూశారు.

షావుకారు కత్తెర తీసుకున్నాడు.
లేసొక్కటే ఓడెక్కింది.
వాళ్లు నెగెటివుల్లో ఉండిపోయారు,
బిస్కెట్ డబ్బాలో, ఇదిగో, నా బల్ల కింద.

మొన్న కరెంటు పోయినప్పుడు
కొవ్వొత్తి ముందు పెట్టి చూశాను.
లేసు బొగ్గులా ఉంది.
పద్దెనిమిదేళ్ల పిల్లలకి తెల్లజుట్టు.
ఇంకో రెండడుగులు దగ్గరికి చూడగల లెన్సయితే
ఆ ఫొటోల్లో
ఒక్కరూ ఉండేవారు కాదు.

కుర్రాడు టైము చూసుకున్నాడు.
"ఐతే బాగున్నట్టా, లేనట్టాండీ?"

గ్రీజు కావాలంటే మార్చిస్తాను,
గీతలు పోవు, ధరలో తేడా లేదు.
పంచె నువ్వెలాగూ కట్టవు.

రసీదు పుస్తకం తీసి
కండిషన్ అన్న గడిలో
"వాడినది" అని రాశాను.